మాట తడబడినవారిని ఆలకించుట

మెదడు ఎడమ భాగము దెబ్బతిన్న కొందరికి అఫేసియా, అనగా మాట కూర్చుకోలేని స్థితి, కలుగుతుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా పరీక్షించిన రోగి “టాన్” తప్ప దాదాపు ఏమీ పలకలేడు. ఎదుటివారి మాట మాత్రం చాలావరకు గ్రహించేవాడు. కనుక మాట పోతే తెలివి పోయినదని మనము తలంచరాదు.

పరామర్శలో టీవీ ఆపించి, ఎదురుగా కూర్చుండి, ఒక్క ప్రశ్న అడిగి ఆగాలి. వారి వాక్యాన్ని మనమే పూరిస్తే వారు చెప్పదలచినది మరుగున పడుతుంది. “అవును” అన్నా నిర్ధారించుకోవాలి: “ఆకలిగా ఉందా?” అన్న తరువాత “కడుపు నిండిందా?” అని అడగాలి.

మంచినీళ్లు అడగలేని వ్యక్తి ప్రభువు ప్రార్థన చెప్పవచ్చు, కీర్తన పాడవచ్చు. కంఠస్థమైన మాటలు, పాటలు తరచుగా ఈ దెబ్బను తప్పించుకుంటాయి. దానిని చూచి సంఘము స్వస్థత సాక్ష్యము ప్రకటిస్తే, మరునాడు మాట రానప్పుడు ఆ వ్యక్తి విశ్వాసమే అనుమానానికి గురవుతుంది. సాక్ష్యానికి తొందరపడక, ఆ కీర్తనను వారితో కలిసి పాడుదము.