నల్లరాయి విషం తాగుతుందా?

ములుగు అడవుల పక్క పొలాల్లో నాట్లు మొదలైతే పాములూ బయటికి వస్తాయి, సలహాలూ బయటికి వస్తాయి. నాకు సలహాలంటేనే ఎక్కువ భయం!

“తాడుతో బిగించి కట్టు, బ్లేడుతో కోయి!” అంటారు. బిగించిన తాడు రక్తాన్ని ఆపుతుంది. రక్తం అందని కాలు చచ్చుబడుతుంది. రక్తపింజర విషమేమో రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఇక కోసిన గాయం ఆగుతుందా?

తరువాత నల్లరాయి. గాయానికి అంటుకుని, విషం తాగి రాలిపోతుందట! అది చాలాసార్లు కాల్చిన ఎముక ముక్క. దాని నిండా సన్నని రంధ్రాలు. తడిని పీల్చి అంటుకుంటుంది, రంధ్రాలు నిండితే ఊడుతుంది. సుద్దముక్క నాలుకకు అంటుకోదూ? అదే సంగతి.

మరి రాయితో బతికినవాళ్ళు లేరా అంటారేమో. ఉన్నారు. వాళ్ళను కరిచింది విషంలేని పామై ఉంటుంది. లేదా విషప్పామే విషం వదలకుండా కరిచి ఉంటుంది. రాయి లేకున్నా బతికేవారే. పేరు మాత్రం రాయికి!

అసలు విరుగుడు ఆసుపత్రిలో ఉంది. గుర్రాలకు కొద్దికొద్దిగా విషం ఎక్కించి, వాటి రక్తం నుంచి దానిని తీస్తారు. మన దేశంలో తయారయ్యే మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర నాలుగింటికీ పనిచేస్తుంది. కట్లపాము కాటుకు ఒక్కోసారి నొప్పీ వాపూ ఉండవు; అలాగని ఆగకండి. వాపు రాకముందే పట్టీలు, మెట్టెలు తీసేయండి. కాలు కదలకుండా కర్ర ఆనించి వదులుగా గుడ్డ కట్టండి, నడిపించకుండా మోసుకుపోండి. పామును చంపి తీసుకుపోనక్కరలేదు, లక్షణాలనుబట్టి డాక్టరు మందిస్తారు.