తొలకరి గంధము, కోకిల రవము

తొలకరి జల్లు వెలిసిన సాయంకాలమున, తార్నాక కూడలి రొద దాటి ఉస్మానియా విశ్వవిద్యాలయములో 1939లో ప్రారంభింపబడిన ఆర్ట్స్ కళాశాల శిలాభవనము ముందు నిలిచిన బాటసారికి, మట్టివాసనయు కోకిల కూతయు నొక్కమారే అందును. కాని అవి మెదడును చేరు త్రోవలు వేరు.

మట్టివాసనకు ముఖ్యకారణము నేలలోని సూక్ష్మజీవులు పుట్టించు జియోస్మిన్. చినుకు తాకిడికి పైకెగసిన ఆ అణువులు శ్వాసతో నాసికాకుహరపు పైభాగమును చేరి, అచ్చటి తేమపొరలో కరిగి, ఘ్రాణకణముల గ్రాహకములకు అంటుకొనును. మానవునియందు ఇట్టి గ్రాహకములు సుమారు 400 రకములు. ఏ వాసన వానిలో వేనిని మేల్కొల్పినదో ఆ మేళనమును బట్టియే మెదడు ఇది మల్లె, ఇది ఇంగువ యని గుర్తించును. ఈ గ్రాహకముల జన్యుకుటుంబమును 1991లో వెల్లడించిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ బహుమానము లభించెను.

శబ్దమన్ననో, పదార్థపు రాక కాదు, గాలి కంపనము. అది కర్ణభేరిని కదలింపగా, మూడు చిన్న యెముకలు ఆ కదలికను నత్తగుల్లవంటి అంతరకర్ణమునకు అందించును. అందలి ద్రవము అలలెత్తగా, కీచుస్వరము మొదటను, మంద్రస్వరము కొనను కేశకణములను వంచి విద్యుత్సంకేతములను పుట్టించును. ఈ అలల నడకను వివరించిన బెకెషీకి 1961లో నోబెల్ దక్కెను.

ఘ్రాణకణములు నశించినను మరల పుట్టుచుండును. కేశకణములు మాత్రము పోయిన మరల రావు. కావున కోకిల కూతను వార్ధక్యమునను వినగోరువారు, హారన్‌ల హోరునుండి చెవులను కాచుకొనుట వివేకము.