ఏ గ్రూపు తీసుకోవాలి?

పదవ తరగతి ఫలితాలు వెలువడిన నాటి నుండి తెలుగువారి ఇళ్ళలో వినిపించే ప్రశ్న ఒక్కటే: “ఏ గ్రూపు తీసుకుంటున్నావు?” ఎం.పి.సి., బై.పి.సి., సి.ఇ.సి., హెచ్.ఇ.సి. వంటి పొడి అక్షరాల పేర్లలో ఒకదానిని పదిహేనేళ్ళ ప్రాయంలో ఎంచుకోవలసి ఉంటుంది. ఆ ఎంపికతో పైచదువులకు కొన్ని దారులు తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి.

విద్యార్థి అభిరుచిని, సామర్థ్యాన్ని గుర్తించి, వాటికి తగిన చదువులను, ఉపాధి అవకాశాలను తెలియజెప్పి, నిర్ణయాన్ని మాత్రం విద్యార్థికే విడిచిపెట్టడాన్ని వృత్తి మార్గదర్శకత్వం అంటారు. ఇది కొత్త ఆలోచన కాదు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ పాఠశాలలకు శిక్షణ పొందిన మార్గదర్శకులు ఉండాలని సూచించింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ ఈ సేవ ప్రాథమిక దశ నుండే మొదలు కావాలన్నది. అయినను పల్లెటూరి ప్రభుత్వ పాఠశాలలో ఇందుకొరకే నియమితులైనవారు కనిపించడం నేటికీ అరుదు.

పట్టణంలో ఇంజనీరు కుమారునికి ఇంట్లోనే సలహా దొరుకుతుంది. తమ వంశంలో మొదటిసారిగా పదవ తరగతి దాటిన పిల్లలకు స్నేహితుడు తీసుకున్న గ్రూపో, దగ్గరి కళాశాలలో ఉన్న గ్రూపో ఆధారమవుతుంది. ఫలితాలకు ముందే కొన్ని ప్రైవేటు కళాశాలల సిబ్బంది ఇంటికి వచ్చి కూర్చుంటారు. సీట్లు నింపుకోవలసినవారు చెప్పేదానిని సలహా అనుకోవడం పొరపాటు.

బై.పి.సి. చదివే ఒక బాలికను ఊహించండి. నేషనల్ డిఫెన్స్ అకాడమీ ప్రవేశ పరీక్ష 2021 నుండి అమ్మాయిలకూ అందుబాటులోకి వచ్చిందని ఆమెకు రెండవ సంవత్సరంలో తెలుస్తుంది. సైనిక విభాగానికి ఏ గ్రూపువారైనా అర్హులే; వైమానిక విభాగానికి మాత్రం భౌతిక, గణితశాస్త్రాలు చదివి ఉండాలి. విమానం నడపాలనే ఆమె కోరికకు అడ్డు వచ్చినది మార్కులు కావు. రెండేళ్ళ క్రితం ఈ ఒక్క మాట చెప్పేవారు లేకపోవడమే.

దీనికి భిన్నంగా, లేని అడ్డంకిని ఊహించుకొనేవారూ ఉన్నారు. సి.ఇ.సి. వారికి బి.కాం. తప్ప గతి లేదనుకుంటారు. ఐదేళ్ళ న్యాయవిద్యకు, చార్టర్డ్ అకౌంటెన్సీ ఫౌండేషన్‌కు ఏ గ్రూపువారైనా వెళ్ళవచ్చు. బి.ఫార్మసీకి ఎం.పి.సి., బై.పి.సి. విద్యార్థులు ఇరువురూ అర్హులే.

కొన్ని అవకాశాలు ఇంటర్మీడియట్‌కు ముందే ఎదురవుతాయి. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్షకు పదవ తరగతి చాలు. 2008లో బాసర, నూజివీడు, ఇడుపులపాయలలో ప్రారంభమైన ట్రిపుల్ ఐ.టి.ల ఆరేళ్ళ కోర్సులకు ఆ ఏడాది పదవ తరగతి ఉత్తీర్ణులైనవారినే తీసుకుంటారు. కాబట్టి ఈ సమాచారం తొమ్మిదవ తరగతి చివరినాటికే చేరాలి. పాఠశాలకొక నిపుణుడు వెంటనే సాధ్యం కాకపోయినా, ఆ ఊరి నుండి వెళ్ళి ఇలాంటిచోట్ల చదువుతున్నవారిని సెలవులలో పిలిపించి, పిల్లల ముందు ఒక పూట కూర్చోబెట్టడానికి ఏ ప్రధానోపాధ్యాయునికీ పెద్దగా ఖర్చు కాదు.