చెట్టు మాయమైంది.. కల్లు కాంపౌండ్ మిగిలింది

కూకట్‌పల్లి: ఊరి చివర ఈతవనం, దాని పక్కనే కల్లు మండువ, పొద్దు వాలగానే అక్కడికి చేరే కూలీలు. హైదరాబాద్ చుట్టుపక్కల పల్లెల్లో ఒకప్పుడు నిత్యం కనిపించిన దృశ్యమిది. ఆ పల్లెలు కాలనీలయ్యాయి, వనాలు ప్లాట్లుగా మారాయి. కల్లు అమ్మకం మాత్రం ఆగలేదు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు తాగి పలువురు మరణించడంతో, చెట్టు లేని చోటికి కల్లు ఎక్కడినుంచి వస్తోందన్న పాత ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

చెట్టు పక్కనే దుకాణం ఎందుకంటే..

గీత కార్మికుడు మోకు సాయంతో చెట్టెక్కి, గీత గీసి లొట్టి కడతాడు. రాత్రంతా ఊరిన రసం తియ్యగా ఉంటుంది. దానినే నీరా అంటారు. ఈస్టు చేరడంతో కొద్ది గంటల్లోనే అది పులిసి కల్లవుతుంది. అందులో ఆల్కహాలు సాధారణంగా 4 నుంచి 6 శాతం వరకు ఉంటుంది. మరునాటికి పుల్లబడి రుచి చెడుతుంది. అందువల్ల స్వచ్ఛమైన కల్లు ఎక్కువ దూరం ప్రయాణించలేదు, ఎక్కువ రోజులు నిల్వ ఉండలేదు. చెట్టు దగ్గరే మండువ వెలియడానికి కారణమిదే. తాగేవారికి గీసిన గౌడు ఎవరో, చెట్టు ఎక్కడుందో తెలిసేది.

వేలం పాటల నుంచి కాంపౌండ్ల దాకా

నిజాం పాలనలో అబ్కారీ రాబడి ఖజానాకు ప్రధాన ఆధారాలలో ఒకటి. కల్లు అమ్మే హక్కును వేలం వేసేవారు. దీంతో గీసేవాడి చేతిలోని వ్యాపారం క్రమంగా గుత్తేదారుల చేతికి చిక్కింది. ఆ తర్వాతి కాలంలో గీత కార్మికుల సహకార సంఘాలకు దుకాణాలు దక్కాయి.

బాలానగర్, సనత్‌నగర్ ప్రాంతాలలో పరిశ్రమలు వెలసి వేలాది కార్మికులు శివార్లకు చేరడంతో మండువ స్వరూపం మారింది. చుట్టూ ప్రహరీ, లోపల రేకుల షెడ్డు, బల్లలు, వరుసగా సీసాలు, గుమ్మంలో గుడాలు అమ్మే మహిళలు.. ఇదీ కాంపౌండ్. పని ముగించుకుని భార్యాభర్తలు కలిసి వచ్చి కూర్చోవడమూ ఇక్కడ వింత కాదు. 1993లో సారాపై, 1995లో మద్యంపై నిషేధం వచ్చినప్పుడు కల్లుకు మినహాయింపు లభించింది. నిషేధం అమలైనంత కాలం పేదవాడికి చట్టబద్ధంగా దొరికిన మత్తు అదొక్కటే.

మూత.. మళ్లీ తెరచివేత

నగర పరిసరాలలో తాటి, ఈత చెట్లు కనుమరుగయ్యాయని, కల్తీ పెరిగిందని 2004లో అప్పటి ప్రభుత్వం హైదరాబాద్‌లో కల్లు దుకాణాలను మూసివేసింది. ఉపాధి పోయిందంటూ గీత కార్మిక సంఘాలు ఏళ్ల తరబడి ఆందోళన చేశాయి. 2007లో శివారు పురపాలక సంఘాలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. తెలంగాణ ఏర్పడ్డాక 2014లో దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి. అయితే మూతపడిన పదేళ్లలో శివార్లలో భవనాలు లేచాయే తప్ప వనాలు పెరగలేదు.

మందు కలిపితే మరణమే

డిమాండుకు, దిగుబడికి నడుమ ఏర్పడిన ఈ ఖాళీనే కల్తీదారులు నింపుతున్నారు. నీళ్లలో తీపి కోసం శాక్రిన్, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజీపామ్, అల్ప్రాజోలం కలుపుతున్నారు. ఇందులో అల్ప్రాజోలం ఆందోళన తగ్గించేందుకు వైద్యులు తగిన మోతాదులో ఇచ్చే మందు. మోతాదు మించితే, అందులోనూ ఆల్కహాలుతో కలిస్తే ఊపిరి మందగిస్తుంది. కూకట్‌పల్లి బాధితులలో వాంతులు, విరేచనాలు, రక్తపోటు పడిపోవడం కనిపించాయి. కొందరికి మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ అవసరమైంది.

అలవాటుపడిన శరీరం ఈ మందును ఒక్కసారిగా వదలలేదు. 2015లో అధికారులు కల్తీని అరికట్టినప్పుడు నిజామాబాద్ తదితర జిల్లాలలో అనేకమంది వణుకు, మూర్ఛ, మతిభ్రమణ లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. మానాలనుకునేవారు వైద్యుల పర్యవేక్షణలోనే మానడం క్షేమం.

లెక్క తేలితేనే..

కల్తీ వల్ల ఎక్కువగా నష్టపోతున్నది రోజుకూలీలు, వారితోపాటు నిజాయతీగా చెట్టెక్కే గీత కార్మికులు. జారిపడి ప్రాణాలు కోల్పోతున్న వీరి రక్షణకు 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరిట కిట్ల పంపిణీ ప్రారంభించింది. అంతకుముందు హరితహారంలో చెరువు గట్లపై ఈత మొక్కలు నాటారు. ఇవి మంచి ప్రయత్నాలే అయినా శివారు దుకాణాల సమస్య వేరు. ఏ వనంలో ఎన్ని చెట్లు గీస్తున్నారు, వాటినుంచి ఎన్ని లీటర్లు దిగుతోంది, ఏ దుకాణంలో ఎన్ని సీసాలు అమ్ముడవుతున్నాయన్న లెక్కలను సరిపోల్చితే చాలు, కల్తీ ఎక్కడ జరుగుతోందో బయటపడక మానదు.