అంతర్జాతీయ డిప్లొమా – బ్రిటిషు విశ్వవిద్యాలయ ప్రవేశము

బ్రిటిషు విశ్వవిద్యాలయములలో ప్రవేశము గోరు విదేశీ విద్యార్థులలో ఇంటర్నేషనల్ బాకలారియేట్ డిప్లొమా చదువుచున్నవారు పెక్కురు. మన హైదరాబాదు నగరమందును ఈ డిప్లొమాకు బోధించు పాఠశాలలు కలవు. పిల్లల నీ చదువులో చేర్చిన తల్లిదండ్రులు సాధారణముగా అడుగు ప్రశ్న ఒక్కటే: "ఎన్ని పాయింట్లు రావలెను?" ప్రశ్న సహజమైనదే. కాని దానికి ఒక్క అంకెతో బదులు చెప్పినచో అది సగము సమాధానమే యగును. మిగిలిన సగము తెలియకపోవుటచేత, 40 పాయింట్లు సంపాదించియు కోరిన స్థానమును పోగొట్టుకొనుట కవకాశము కలదు. 39 పాయింట్లతో అదే స్థానమును దక్కించుకొనుటకును అవకాశము కలదు. ఇది యెట్లు సంభవించునో వివరించుటయే ఈ ప్రసంగము నుద్దేశము.

డిప్లొమా విద్యార్థి రెండు సంవత్సరములపాటు ఆరు విషయములు చదువును. సాధారణముగా వానిలో మూడు ఉన్నతస్థాయిలోను, మూడు సామాన్యస్థాయిలోను ఉండును. ఉన్నతస్థాయి విషయమునకు 240 గంటల బోధన, సామాన్యస్థాయికి 150 గంటల బోధన విధించబడినది. ఒక్కొక్క విషయమున 1 మొదలు 7 వరకు గ్రేడు లభించును. ఆరింటికి గరిష్ఠము 42. వీనికి తోడు థియరీ ఆఫ్ నాలెడ్జి యను జ్ఞానమీమాంసా పాఠ్యమునకును, 4,000 పదములకు మించని పరిశోధనవ్యాసమునకును కలిపి 3 పాయింట్ల వరకు ఇత్తురు. మొత్తము 45. సృజన, వ్యాయామము, సేవ అను మూడు రంగములలో విద్యార్థి చేయవలసిన కార్యములు వేరుగా నున్నవి. వానికి పాయింట్లు లేవు, కాని అవి చేయనిదే డిప్లొమా లేదు. ఉత్తీర్ణతకు కనీసము 24 పాయింట్లు కావలెను. ప్రపంచమంతటను పరీక్షకు కూర్చున్నవారి సగటు, సామాన్యమైన సంవత్సరములలో, 30కి కొంచె మటునిటుగా నుండును.

ఈ చదువు ఎట్లు పుట్టినదో తెలిసికొన్నచో తక్కిన విషయము సుగమమగును. జెనీవా నగరమున అంతర్జాతీయ సంస్థలలో పనిచేయు నుద్యోగుల పిల్లలు ఒక దేశమునుండి మరియొక దేశమునకు మారుచుండిరి. ఏ దేశపు విశ్వవిద్యాలయమైనను అంగీకరించు పరీక్ష యొకటి వారికి కావలసి వచ్చినది. ఆ ప్రయత్న ఫలితముగా 1968లో ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థ ఏర్పడెను. దాని మొదటి డైరెక్టరు జనరలు అలెక్ పీటర్సన్. ఆయన ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున విద్యాశాఖ కధిపతిగా నుండిన బ్రిటిషువాడు. ఇంగ్లండులో పదునారేండ్ల బాలుడు మూడు విషయములు మాత్రమే యుంచుకొని తక్కినవన్నియు విడిచిపెట్టుట ఆయనకు సమ్మతము కాదు. భాష, గణితము, విజ్ఞానశాస్త్రము, సామాజికశాస్త్రము – అన్నియు కొంతకాలము కలిసి నడువవలెనని ఆయన వాదించెను. డిప్లొమాలోని ఆరు విషయముల యేర్పాటునకు మూలమిదియే.

విచిత్ర మేమనగా, ఆ సంకుచితత్వమునకు మందుగా రూపొందిన పరీక్షను బ్రిటిషు విశ్వవిద్యాలయము తన పాత కొలబద్దతోనే కొలుచుచున్నది. అక్కడి డిగ్రీ చదువు తొలిదినమునుండియు ఒక్క విషయమునందే సాగును. గణితమున చేరినవాడు గణితమే చదువును. న్యాయశాస్త్రమున చేరినవాడు న్యాయశాస్త్రమే చదువును. (స్కాట్లండులో డిగ్రీ నాలుగేండ్లు, మొదటి రెండేండ్లలో కొంత వెసులుబాటు కలదు.) అందువలన అచ్చటి ఆచార్యుడు దరఖాస్తును చేతబట్టి మొట్టమొదట చూచునది మూడు ఉన్నతస్థాయి గ్రేడులను. ఇంగ్లండు పిల్లలు చదువు ఏ-లెవెల్ విషయములు మూడింటికి ఇవి మూడును సాటియని ఆయన భావన. 45లో ఎన్ని యనునది రెండవ ప్రశ్న.

ఆ దేశమున ప్రవేశ దరఖాస్తులను నిర్వహించు యూకాస్ సంస్థ గ్రేడులకు ఒక తులనాత్మకమైన విలువపట్టిక నేర్పరచినది. దాని ప్రకారము ఉన్నతస్థాయిలో 7నకు 56 విలువ. ఏ-లెవెల్‌లో ఏ-స్టార్‌నకును అంతే. 6నకు 48, అది ఏ గ్రేడుతో సమానము. కాని 5నకు విలువ 32 మాత్రమే. అనగా ఏ-లెవెల్‌లో బి కాదు, సి గ్రేడుతో సమానము! 6నుండి 5నకు దిగుట ఒక మెట్టు దిగుటగా మనకు తోచును. ఆ పట్టికలో అది రెండు మెట్లు. పేరెన్నికగన్న విశ్వవిద్యాలయములు ఈ పట్టికను నేరుగా వాడుట అరుదు. అవి గ్రేడులనే యడుగును. అయినను 5 గ్రేడు వారి కన్నుల కెట్లు కనిపించునో దీనివలన తెలియుచున్నది.

ఇక అంకెలు. కేంబ్రిడ్జి సాధారణముగా 40కి తగ్గకుండ పాయింట్లు కోరును. ఉన్నతస్థాయిలో 7, 7, 6 రావలెననును. ఆక్స్‌ఫర్డు తన శాఖలనుబట్టి 38, 39 లేక 40 కోరును; చరిత్రకు ఉన్నతస్థాయిలో మూడు 6లు చాలును గాని, గణితమునకు 7, 6, 6 కావలెను, ఆ 7 గణితమునందే రావలెను. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్ కోరునవి 37 మొదలు 39 వరకు. అచ్చటి అర్థశాస్త్రమునకును ఉన్నతస్థాయి గణితమున 7 తప్పనిసరి. ఈ అంకెలు అర్హతను సూచించునవేగాని ప్రవేశమునకు హామీ యిచ్చునవి కావు. ఆక్స్‌ఫర్డునకు ఇటీవలి సంవత్సరములలో ఏటేట 23 వేలకు పైబడి దరఖాస్తులు వచ్చుచుండగా, స్థానములు సుమారు 3,300 మాత్రమే.

ఇప్పుడు మొదట చెప్పిన చిక్కును పరిశీలింతము. ఇద్దరు విద్యార్థులకు ఒకే షరతు విధించిరనుకొందము: మొత్తము 39, ఉన్నతస్థాయిలో 7, 6, 6, అందు గణితమున 7. మొదటి విద్యార్థికి ఉన్నతస్థాయిలో ఇంగ్లీషున 7, గణితమున 6, భౌతికశాస్త్రమున 6 వచ్చినవి. సామాన్యస్థాయిలో 7, 6, 6. వ్యాసమునకును జ్ఞానమీమాంసకును 2. మొత్తము 40. రెండవ విద్యార్థికి గణితమున 7, భౌతికశాస్త్రమున 7, రసాయనశాస్త్రమున 6. సామాన్యస్థాయిలో 6, 6, 5. పై రెండింటికిని 2. మొత్తము 39. షరతు నెరవేర్చినవాడు రెండవవాడు. మొదటివానికి ఒక పాయింటు ఎక్కువయే వచ్చినది, 7 కూడ వచ్చినది; కాని అది రావలసినచోట రాలేదు. విశ్వవిద్యాలయము దయదలచి చేర్చుకొనినను చేర్చుకొనవచ్చును. చేర్చుకొనవలసిన బాధ్యత మాత్రము దానికి లేదు.

కావున ఈ వ్యవహారమున అసలు నిర్ణయము పరీక్షలనాడు జరుగదు. రెండేండ్లకు ముందు, ఏ మూడు విషయములు ఉన్నతస్థాయిలో తీసికొనవలెనని పదునారేండ్ల ప్రాయమున నిశ్చయించుకొననాడు జరుగును. వైద్యవిద్యకు ఉన్నతస్థాయి రసాయనశాస్త్రము దాదాపు అన్ని చోట్లను కావలెను. పెక్కుచోట్ల జీవశాస్త్రము కూడ కావలెను. ఇంపీరియల్ కాలేజిలో మెకానికల్ ఇంజనీరింగునకు గణితము, భౌతికశాస్త్రము రెండును ఉన్నతస్థాయిలోనే యుండవలెను. గణితమునందు మరియొక మెలిక కలదు. 2019లో పాఠ్యప్రణాళికను మార్చి గణితమును రెండు శాఖలుగా విభజించిరి: ఒకటి అనాలిసిస్ అండ్ అప్రోచెస్, రెండవది అప్లికేషన్స్ అండ్ ఇంటర్‌ప్రిటేషన్. రెంటికిని ఉన్నతస్థాయి కలదు. అయినను గణితము, ఇంజనీరింగు, అర్థశాస్త్రము చదువగోరువారినుండి పెక్కు విశ్వవిద్యాలయములు మొదటి దానినే కోరుచున్నవి. పేరులో రెండును గణితమే కదాయని రెండవదానిని తీసికొనిన పిల్లవాడు, అందు 7 సంపాదించినను, కొన్ని తలుపులు మూసియుండుట చూడవలసివచ్చును. పాఠశాల తొలిమాసములోనే ఈ సంగతి విచారించుట మేలు. తరువాత మార్చుకొనుట కష్టము.

మన యిండ్లలో మార్కులను నూటికిన్ని యని లెక్కించుట అలవాటు. 45లో 40 అనగా నూటికి 89 అని గుణించి, "తొంబదియైన రాలేదే" యని నొచ్చుకొను పెద్దలు గలరు. ఈ లెక్క యిక్కడ పనికిరాదు. 7 అనునది శాతము కాదు. ఏ మార్కు వద్ద 7 ఆరంభమగునో ప్రతి పరీక్షాకాలమునందును ప్రత్యేకముగా నిర్ణయింతురు. అట్లే పెద్దన్నకు వచ్చిన పాయింట్లతో తమ్ముని పాయింట్లను పోల్చునపుడును సంవత్సరము చూడవలెను. కోవిడ్ వ్యాధి కారణమున 2020 మే నెల పరీక్షలు జరుగలేదు. 2021లో ప్రపంచపు సగటు 33 వరకు పెరిగెను. 2023నాటికి మరల 30 ప్రాంతమునకు దిగెను. 2021లోని 40నకును నేటి 40నకును బరువు ఒకటి కాదు.

దరఖాస్తు చేయునాటికి ఈ గ్రేడులేవియు విద్యార్థి చేతిలో నుండవు. ఉపాధ్యాయులు తమ యంచనా ప్రకారము వ్రాసి పంపిన గ్రేడులే ఆధారము. పిల్లవానియందలి వాత్సల్యముచేత అంచనాను పెంచుమని ఉపాధ్యాయుని బలవంతపెట్టుట కొన్నిచోట్ల వినవచ్చుచున్నది. అది ఉపకారము కాదని నా అభిప్రాయము. పెంచిన అంచనా షరతుతో కూడిన స్థానమును తెచ్చిపెట్టునేగాని, ఆ షరతు నెరవేర్చునపుడు తోడురాదు.

యూకాస్ ద్వారా ఒక విద్యార్థి ఐదు స్థానములకు దరఖాస్తు చేయవచ్చును. వైద్యవిద్య విషయమున నాలుగింటికే. ఆక్స్‌ఫర్డునకును కేంబ్రిడ్జికిని ఒకే సంవత్సరమున దరఖాస్తు చేయుటకు సాధారణముగా వీలులేదు. ఈ రెంటికిని, వైద్యవిద్యకును అక్టోబరు 15 గడువు. తక్కినవానిలో చాలవాటికి జనవరి. ఇంగ్లండు వైద్యకళాశాలలలో విదేశీ విద్యార్థులకు నూటికి సుమారు 7.5 స్థానములే కేటాయింపబడుట గమనింపదగినది. గ్రేడులకు తోడు ప్రవేశపరీక్షలును కలవు: వైద్యమునకు యూకాట్, కొన్నిచోట్ల న్యాయశాస్త్రమునకు ఎల్‌నాట్, కేంబ్రిడ్జి, ఇంపీరియలులలో విజ్ఞాన, ఇంజనీరింగు శాఖలు పెక్కింటికి ఈసాట్. కేంబ్రిడ్జి గణితమునకు స్టెప్ అను కఠినమైన పరీక్ష వేరుగా నున్నది. దాని ఫలితము డిప్లొమా గ్రేడులతోపాటు షరతులో భాగమగును.

వచ్చిన ఆఫరులలో విద్యార్థి ఒకదానిని ప్రధానముగను, మరియొకదానిని ఆపత్కాలమునకు ఆసరాగను ఉంచుకొనవచ్చును. మొదటిదానిని ఫర్మ్ అనియు, రెండవదానిని ఇన్సూరెన్సు అనియు అందురు. మొదటిది 40 కోరునపుడు రెండవదియు 40 కోరునదే యైనచో అది ఆసరా యెట్లగును? అయినను పేరు ప్రతిష్ఠల మోజులో పలువు రిట్లే చేయుచున్నారు. ఈ రెండవదాని నెన్నుకొనునపుడు మొత్తము తక్కువగా నుండుట ఒక్కటే చాలదు. ఉన్నతస్థాయి షరతు కూడ తేలికగా నున్నదా యని చూడవలెను. 36 అడుగుచు గణితమున 7 అడుగునది, 38 అడుగుచు ఏ విషయమునందైన 6, 6, 6 అడుగుదానికంటె కొందరి పాలిట కఠినమైనది.

మే పరీక్షల ఫలితములు జూలై మొదటివారమున వెలువడును. ఏ-లెవెల్ ఫలితములు ఆగస్టు నడుమగాని రావు. షరతును కొద్దిలో తప్పిన డిప్లొమా విద్యార్థికి కొన్ని విశ్వవిద్యాలయములు వెంటనే జవాబు చెప్పవు. ఏ-లెవెల్ విద్యార్థులలో ఎందరు నెగ్గిరో, ఎన్ని స్థానములు మిగిలెనో చూచుకొని చెప్పును. ఆ ఐదారు వారములు ఇంటిల్లిపాదికిని పరీక్షాకాలమే. ఈలోగా చేయదగిన పను లున్నవి. ఒక గ్రేడు సరిహద్దున ఆగిపోయినదని తోచినచో పాఠశాల ద్వారా జవాబుపత్రములను మరల దిద్దించవచ్చును; గ్రేడు పెరుగవచ్చును, తగ్గవచ్చును కూడ. రెండు స్థానములును తప్పినవారికి, మిగిలిన స్థానములను నింపు క్లియరింగు అను పద్ధతి జూలైనుండి అక్టోబరు వరకు నడచును. నవంబరులో మరల పరీక్షకు కూర్చుండుటకును వీలున్నది. డిప్లొమా కొరకు మొత్తము మూడు పరీక్షాకాలముల వరకు అనుమతింతురు. అయితే రెండవసారి వ్రాసి తెచ్చుకొనిన గ్రేడులను కొన్ని శాఖలు, ముఖ్యముగా వైద్యకళాశాలలు కొన్ని, అంగీకరింపవు. ఆ శాఖవారిని ముందుగా అడిగి, జవాబును వ్రాతమూలకముగా తెప్పించుకొనిన పిదపనే నవంబరు పరీక్షకు రుసుము చెల్లించుట మంచిది.