కట్టించడం ఒక ఎత్తు, నడిపించడం ఒక ఎత్తు

చెరువు తవ్వించడం, తోట వేయించడం సప్తసంతానాల్లోవని మన పెద్దలు చెబుతారు. మనం బతుకుతెరువుకు వచ్చిన ఈ అరబ్బు దేశంలోనూ అలాంటి సంతానాన్ని మిగిల్చి వెళ్ళిన రాణి ఉంది. ఆమె ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబేదా. 831లో మరణించింది.

మక్కా యాత్రికులు నీళ్ళకు పడే బాధ తెలిసి, ఆమె తన సొమ్ముతో కొండలు తొలిపించి కాలువ తెప్పించింది. ఖర్చు మితిమీరుతుందన్న అధికారితో, గునపం దెబ్బకొక దీనారు అయినా సరే తవ్వమన్నదని చెప్పుకుంటారు. కూఫా నుంచి మక్కా వచ్చే దారిలో బావులూ, చెరువులూ కట్టించింది. ఆ దారికి నేటికీ జుబేదా దారి అనే పేరు. 16వ శతాబ్దంలో ఆ కాలువ పాడైతే బాగుచేయించిందీ స్త్రీయే, తురుష్క సుల్తాను సులేమాన్ కుమార్తె మిహ్రిమా.

మన స్త్రీధనంలాగే, ఇస్లాం ధర్మశాస్త్రంలో పెళ్ళయినా స్త్రీ ఆస్తి ఆమెదే. దాన్ని తన పేరిటే వక్ఫు రాయవచ్చు. వక్ఫు చేసిన ఆస్తిని అమ్మరాదు, దాని ఆదాయం రాసిన పనికే వాడాలి. ఇది రాణులకే పరిమితం కాలేదు. 1546 నాటి ఇస్తాంబుల్ రిజిస్టరులోని వక్ఫుల్లో మూడోవంతుకు పైగా స్త్రీలవే.

మిహ్రిమా తల్లి హుర్రెం 1552లో జెరూసలేంలో బీదలకు అన్నసత్రం పెట్టింది. భవనంతో సరిపెట్టలేదు. గ్రామాల ఆదాయం దానికి రాసి, వంటవాళ్ళ జీతాలూ, దినుసులూ సైతం పత్రంలో చేర్పించింది. మన రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం (1261) కూడా అంతే. ప్రసూతిశాలకూ, ఆరోగ్యశాలకూ గ్రామాదాయంలో వాటా కేటాయించింది.

వైద్యులుగా మాకు ముఖ్యమనిపించేది ఇదే. మన ఊళ్ళలో దాతల పేర్లు చెక్కిన ఆసుపత్రి గదులు తాళాలతో ఉండడం చూశాం. మంచాలుంటాయి, నర్సు ఉండదు. యంత్రం ఉంటుంది, మరమ్మతుకు డబ్బుండదు.

సులైలోని మన కుటుంబాలు ఊరికి ఏదైనా చేయదలిస్తే, సగం సొమ్ము బ్యాంకులో వేసి, వడ్డీ జీతాలకూ మరమ్మతులకూ వెళ్ళేలా కాగితం రాయించడం మంచిది. సంపాదిస్తున్న మన ఆడవాళ్ళు ఆ కాగితంపై తమ పేరుతోనే సంతకం చేయాలి. రాతిపలక మీద పేరు లేకపోయినా నష్టం లేదు. అర్ధరాత్రి పురుడు వచ్చిన తల్లికి ఆ తలుపు తెరిచి ఉంటే చాలు.