పెంపుడు చిలుక – దాని భోజనము

చిలుకను గూర్చి తెలియని బిడ్డ మన తెలుగు ఇండ్లలో ఉండడు. చిలుక కొట్టిన జామపండే తీయనిదని పెద్దలు చెప్పుదురు. పండుమిరపకాయను ఒక కాలితో పట్టుకొని, కన్ను చెమర్చకుండ తినుచున్న చిలుకను చూచి పిల్లలు ముక్కున వేలు వేసికొందురు. నిజమునకు ఇందులో చిలుక చూపిన ధైర్యమేమియు లేదు. మిరపలో మన నాలుకను మండించు పదార్థము పక్షులకు మంట పుట్టింపదు, అంతియే.

చిలుక యనగానే మనకు తోచునది మెడకు గులాబిరంగు హారము గల రామచిలుక. దానిని పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట చట్టవిరుద్ధము. 1972లో ఏర్పడిన వన్యప్రాణి సంరక్షణ చట్టము మన దేశపు చిలుకల నన్నిటిని కాపాడుచున్నది. ఈ సంగతి తెలియక కొందరును, తెలిసియు కొందరును సంతలో వాటిని కొనుచునే యున్నారు. అది తగని పని. గూటినుండి పిల్లలను తీయుటలో ఎన్ని చచ్చునో కొనువాడు చూడడు.

కావున ఇచ్చట నేను చెప్పబోవునది వేరొక చిన్న చిలుకను గూర్చి. బజారులో దీనిని 'లవ్ బర్డ్' అని పిలుతురు. అది పొరపాటు పేరు. అసలు లవ్ బర్డులు ఆఫ్రికా ఖండమునకు చెందినవి. మనము పంజరములలో తరచుగ చూచు పచ్చని, నీలపు చిన్న పక్షి పేరు బడ్జెరిగార్. దీని పుట్టిల్లు ఆస్ట్రేలియా నడిభాగమందలి ఎండుభూములు. జాన్ గౌల్డ్ అను పక్షిశాస్త్రజ్ఞుడు 1840లో వీటిని ప్రాణములతో ఇంగ్లండునకు తెచ్చెను. అప్పటినుండి తరతరములుగ మనుష్యుల యిండ్లలోనే పుట్టి పెరిగి, నేడు ఇవి లోకమంతట వ్యాపించినవి. బరువు సాధారణముగ ముప్పది, నలుబది గ్రాములుండును. అయినను వంకరముక్కు, రెండు వేళ్లు ముందునకు, రెండు వెనుకకు గల పాదము, మాట నేర్చు గొంతు – అన్నియు చిలుక లక్షణములే.

ఆ ఎండుభూములలో వాన ఎక్కడ పడునో తెలియదు. పడినచోట గడ్డి మొలచును. గడ్డి వెన్ను వేసినచోటికి ఈ పక్షులు గుంపులు గుంపులుగ చేరును. ఎండిన గింజలనేగాక, పాలుపట్టిన లేతగింజలను కూడ అవి ఇష్టముతో తినును. మన పల్లెలలో జొన్నచేను పాలకంకిమీద నున్నప్పుడు ఊచబియ్యము కాల్చుకొని తిన్నవారికి ఆ రుచి తెలియును. ఒక్క గింజనే సంవత్సరమంతయు తినుట ఆ పక్షికి అలవాటు లేదు. దానికి ఆ అలవాటు చేసినవారము మనమే.

సుమారు పదేండ్ల క్రిందట మా యింట ఒక బడ్జెరిగార్ ఉండెడిది. దానికి నేను కొర్రలు తప్ప మరియొకటి పెట్టి యెరుగను. అది చక్కగ తినుచుండెను. నేనును చక్కగ పెంచుచున్నాననియే అనుకొంటిని. ఒకమారు బంధువుల పెండ్లికై నాలుగు దినములు ఊరు విడువవలసి వచ్చెను. ప్రక్కయింటి బాలునితో, "నాయనా, గిన్నె ఖాళీ యైనప్పుడు గింజలు పోయుము, రోజూ నీరు మార్చుము" అని చెప్పి వెళ్లితిని. ఆ బాలుడు మిక్కిలి బుద్ధిమంతుడు. నీరు మార్చెను. గిన్నె చూచెను, అది నిండుగనే యుండెను. ముచ్చటపడి తమ యింటినుండి కొత్తిమీర కట్టయు, క్యారెట్టు ముక్కయు తెచ్చి పంజరములో వ్రేలాడదీసెను.

నేను తిరిగి వచ్చునప్పటికి పక్షి చచ్చి పడియుండెను. గిన్నె నిండుగనే యున్నది. వ్రేలితో కదిపి చూచితిని. అన్నియు పొట్టులే. ఈ పక్షి గింజను ముక్కుతో ఒలిచి పప్పును మ్రింగి, పొట్టును అదే గిన్నెలో విడుచును. పై చూపునకు పొట్టును గింజయు ఒక్కటిగనే కనబడును. ఇంత చిన్న పక్షి ఆకలికి ఎన్నో దినములు తాళలేదు. ప్రక్కన వ్రేలాడుచున్న కొత్తిమీర ఒక్క ఆకైనను చినగలేదు. క్యారెట్టుపై ముక్కు గుర్తైనను లేదు. ఎదుట ఆహారముండగా అది ఆకలితో చచ్చినది. ఏలయన, అవి తినదగినవని దానికి ఎవ్వరును నేర్పలేదు. తప్పు ఆ బాలునిది కాదు, నాది.

పక్షికి ఇది నేర్పవలయునా యని మీరు అడుగవచ్చును. నేర్పవలయును. గూటిలో నున్న పిల్లకు తల్లియు తండ్రియు తాము తిన్నదానిని మరల పైకి తెచ్చి నోటికందించును. సుమారు అయిదు వారముల వయసున పిల్ల గూడు విడిచి, పెద్దలు ఏమి ముక్కున కరచునో చూచి తానును కరచును. ఆ దినములలో చూడని వస్తువు దాని దృష్టిలో ఆహారమే కాదు. అది క్రొత్తది, క్రొత్తది భయంకరము. అడవిలో నీ భయమే పక్షిని విషపుకాయలనుండి కాపాడును. పంజరములో అదే దానికి హాని చేయును.

ఒకటిని చూచి మరియొకటి నేర్చుకొనుటను గూర్చి 1965లో డాసన్, ఫాస్ అను ఇరువురు పరిశోధకులు ఈ పక్షులతోనే ఒక వింత పరీక్ష ప్రకటించిరి. ఆహారపు గిన్నెపై మూత పెట్టిరి. నేర్పిన పక్షులలో ఒకటి ముక్కుతో మూత తీయును, మరియొకటి కాలితో తీయును. వాటిని చూచిన క్రొత్త పక్షులు, తాము చూచిన పక్షి ఏ విధముగ తీసెనో ఆ విధముగనే తీయుటకు మొగ్గుచూపినవట. తరువాతివారు చేసిన పరీక్షలలో ఈ ఫలితము అంత బలముగ కనబడలేదు గాని, తోడిపక్షి తినుచున్నదానిపై దీని మనసు పోవుననుట పెంచువారికందరికి అనుభవమే.

గింజలు మాత్రమే తిన్న పక్షికి ఏమి లోపించును? మొదటిది 'ఎ' విటమిను. అది చాలనిచో నోటిలోను ముక్కులోను ఉండు పలుచని పొర మొద్దుబారి, రోగములు సులభముగ చొరబడును. రెండవది సున్నము, అనగా కాల్షియము. గుడ్లు పెట్టు ఆడపక్షికి ఇది మరింత అవసరము. మూడవది అయొడిను. ఇది లేనిచో బడ్జెరిగార్ గొంతులోని గ్రంథి ఉబ్బి శ్వాసనాళమును నొక్కును. ఊపిరి పీల్చినప్పుడు కీచుమని ధ్వని వచ్చును. పొద్దుతిరుగుడు గింజలు పెట్టుట మరియొక పొరపాటు. ఆ పప్పు బరువులో దాదాపు సగము నూనెయే. ఎగురుటకు చోటులేని పక్షి ఆ నూనెనంతయు కాలేయములో దాచుకొనును.

రెండేండ్ల క్రిందట మా మేనకోడలికి ఎవరో ఒక బడ్జెరిగార్ పిల్లను ఇచ్చిరి. దాని నుదుట ముక్కువరకు సన్నని నల్లచారలుండెను. మూడు నాలుగు నెలలకు మొదటిసారి ఈకలు రాల్చునప్పుడు ఆ చారలు నుదుటినుండి పోవును; కావున అది ఇంకను లేతదని తెలిసినది. వారమునకే ఆ పిల్ల నాయొద్దకు వచ్చి, "మామయ్యా, దీనికి కొత్తిమీర యిష్టము లేదు" అనినది.

"ఇష్టము లేకపోవుట కాదమ్మా, అది తినునదని దానికి తెలియదు" అంటిని. నా పాత కథను కూడ చెప్పితిని. ఆమె చాలసేపు మాటాడలేదు. తరువాత, "అయితే ఎట్లు నేర్పవలెను?" అని అడిగినది.

మేము మొదట చేసిన పని ఏమియు మార్చకుండుట. క్రొత్త యిల్లు, క్రొత్త ముఖములు – ఇవి చాలును. వారము దినములు అది యెరిగిన గింజలే పెట్టితిమి. ప్రతి యుదయము, తినకమునుపు, వంటింటి చిన్న కాటాపై ఒక డబ్బాలో కూర్చుండబెట్టి తూచితిమి. ముప్పదినాలుగు గ్రాములు. మా మేనకోడలు దానిని నోటుపుస్తకములో వ్రాసికొనినది. ఈ వ్రాత ఎంత పనికివచ్చెనో తరువాత చెప్పెదను.

రెండవ వారమున కొత్తిమీరను నీటిలో బాగుగ కడిగి – బజారు ఆకుకూరలపై పురుగుమందు ఉండవచ్చును గనుక ఇది మానరాదు – తడి యారకుండగనే పంజరము పై కమ్మికి కట్టితిమి. బడ్జెరిగార్లకు తడి ఆకులలో దొర్లి స్నానము చేయుట యనిన మహా సరదా. తినుటకు రాని పక్షి స్నానమునకు వచ్చినది! రెక్కలు తడుపుకొనుచు ఆకులలో దూరినది. నోటికి తగిలిన ఆకు నొకటి కొరికి పారవేసినది. మా మేనకోడలు నిరాశపడినది. నేను మాత్రము సంతోషించితిని. కొరికి పారవేయుట తిరస్కారము కాదు, అది పరిచయము.

తరువాత కొర్రవెన్ను సంపాదించితిమి. కొర్ర కంకి యనిన ఈ పక్షికి పిల్లలకు మిఠాయి వంటిది. ఆ కంకిచుట్టు మెంతి ఆకులు చుట్టి దారముతో కట్టితిమి. గింజ కావలెనన్న ఆకు తొలగింపవలెను. తొలగింపవలెనన్న నోట కరవవలెను. క్యారెట్టుతో చాల చిక్కు వచ్చినది. తురిమి గింజలపై చల్లినచో గిన్నెడు గింజలను చిమ్మివేసినది. ముక్కలు చేసిన, వాటికి దూరముగ పోయి కూర్చున్నది. చిలుక జాతికి నాలుకపై రుచి తెలియు బుడిపెలు మనకువలె వేలకొలది లేవు, వందలలోనే కలవు. అందుచేత రుచికంటె రంగు, ఆకారము, నోటికి తగులు తీరు దానికి ముఖ్యములు. కావున ఒకే వస్తువును నాలుగు విధములుగ చూపవలయును. తుదకు క్యారెట్టును సన్నని పొడవుపాటి పోగులుగ గీచి కమ్మికి వ్రేలాడదీసినచో, గడ్డిపోచవలె తోచెనో యేమో, లాగుట మొదలిడెను.

ఈ మధ్య ఒక పొరపాటు జరిగినది. మా మేనకోడలు త్వరపడి, ఆకలియైనచో తానే తినునని తలచి, ఉదయపు గింజలను మధ్యాహ్నమువరకు ఆపుచు వచ్చినది. అయిదవనాడు కాటా ముప్పదియొకటి చూపెను. చూపునకు పక్షి బాగుగనే యున్నది. ఈకలు పూరించుకొని గుండ్రముగ కనబడుచున్నది. మూడు గ్రాములే కదా యనరాదు. ముప్పదినాలుగులో మూడు దాదాపు పదవవంతు. అరువది కిలోల మనిషి అయిదు దినములలో అయిదు కిలోలకుపైగా చిక్కినట్లు. పంజరము క్రింద పరచిన కాగితముపై రెట్టలును తగ్గి చిన్నవైనవి. వెంటనే పశువైద్యులకు చూపితిమి. వారు, "దీనిని పస్తుపెట్టి నేర్పరాదమ్మా. ఉదయమున ఒక గంటసేపు క్రొత్తది చూపుము. తరువాత ఎరిగిన గింజలు పెట్టి తీరవలెను. బరువు తగ్గినచో ఆనాటికి పాఠము లేదు" అనిరి. ఆ నోటుపుస్తకము లేకున్నచో మాకు తెలిసెడిదే కాదు.

దానికన్న మంచి యుపాయము మా మేనకోడలు తానే కనిపెట్టినది. సాయంకాలము బడినుండి వచ్చి పంజరము ప్రక్కన కూర్చుండి, తాను క్యారెట్టు కొరుకుచు, ఎంతో రుచిగ నున్నట్లు తలయూపుచు, పక్షికి మాత్రము పెట్టకుండ తినుచుండెడిది. మూడునాళ్లు అది చూచినది. నాలుగవనాడు కమ్మిని పట్టుకొని జరిగి జరిగి వచ్చి, ఆమె వ్రేళ్లమధ్యనున్న ముక్కను కొరికినది. గుంపులో బ్రతుకు పక్షికి తోడివారి భోజనముపై నుండు ఆశ అట్టిది.

అటుపైన పని సులువైనది. మొలకెత్తిన కొర్రలు, తరువాత మొలకెత్తిన పెసలు, లేత మునగాకు, ఉడికించిన గుడ్డు కొంచెము, పాలమొక్కజొన్న పొత్తు – ఒకదానివెంట ఒకటి అలవాటు చేసితిమి. మొలకలు పుల్లని వాసన వేసినచో పారవేయవలెను. తడి ఆహారమును ఎండకాలమున రెండు గంటలకు మించి ఉంచరాదు. సున్నమునకై కమ్మిసందున సముద్రపు నురుగు ముక్క పెట్టిన చాలును. బజారులో దొరకు గుళికలును కొంత కలుపవచ్చును.

మనము తినునదంతయు దానికి పెట్టుట మాత్రము ప్రమాదము. అవకాడో పండు చిలుకలకు విషము. చాకొలెట్టు, కాఫీ, టీ పనికిరావు. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వేసిన చిరుతిండ్లు పెట్టరాదు. ఆపిలు ముక్క పెట్టవచ్చును గాని గింజలు తీసివేయవలెను. పండ్లు తిన్ననాడు రెట్ట పలుచనగును, దానికి బెదరనక్కరలేదు.

మొన్న నేను వారి యింటికి పోయినప్పుడు తెల్లవారి ఆరు గంటలు. ఆ పక్షి నుదుటిపై చారలెప్పుడో పోయినవి. తడి కొత్తిమీర కట్టలో తల దూర్చి, కాడలను పటపట కొరుకుచున్నది. మా మేనకోడలు కాటా చూచి ముప్పదియారు అని వ్రాసికొని, గింజల గిన్నెను పెరటిలోనికి తెచ్చి ఉఫ్ మని ఊదినది. పొట్టు గాలికి లేచిపోయెను. అడుగున మిగిలిన గింజలను వ్రేలితో కదిపి చూచి, మరికొన్ని పోసి లోపలికి వెళ్లినది.